ట్రాలీ పట్టణమును చూచిన కెమెరాలు

ఐర్లండు దేశమునకు నైరృతి దిక్కున, అట్లాంటిక్ మహాసముద్రము నేలలోనికి చొచ్చుకొనివచ్చి ఆగిపోయిన చోట, దక్షిణమున స్లీవ్ మిష్ పర్వతపంక్తి అడ్డుగా నిలువ, కెర్రీ మండలమునకు ముఖ్యపట్టణమైన ట్రాలీ వెలసియున్నది. ఆ యూరి వెలుగు నిలుకడ లేనిది. సముద్రమునుండి వచ్చు మేఘములు కొండలకు తగిలి వర్షించుట, వెలిసిన కొద్దిసేపటికే మరల కమ్ముకొనుట అచ్చట నిత్యకృత్యము. జూన్ మాసమున రాత్రి పదిగంటల వేళకు గాని సూర్యుడస్తమింపడు, డిసెంబరులో సాయంకాలము నాలుగున్నరకే చీకట్లు ముసురును. ఇట్టి యూరికి ఎట్టి కెమెరా తగునను ప్రశ్నకు నూటయేబది యేండ్లుగా ఒక్కొక్క తరమువారు తమ యవసరమును, తమ చేతిలోని పైకమును బట్టి ఒక్కొక్క సమాధానము చెప్పుచు వచ్చిరి. ఆ సమాధానములను వరుసగా పరికించినచో, నేడు డిజిటల్ కెమెరా కొనదలచినవాడు దుకాణమున దేనిని ముందుగా అడుగవలెనో, దేనిని అడుగకున్నను నష్టము లేదో తేటపడునని నా విశ్వాసము.

1865వ సంవత్సరమున డబ్లిన్ నగరమందలి సాక్‌విల్ వీధిలో విలియం లారెన్సు అను వర్తకుడు ఛాయాచిత్రశాల నొకదానిని తెరచెను. ఆయన చిత్రకారుడు కాడు, వ్యాపారదక్షుడు. దేశమందలి పట్టణములను, సరస్సులను, శిథిలమఠములను చిత్రించి అచ్చువేసినచో రైలుబండ్లలో వచ్చు యాత్రికులు ఆదరముతో కొందురని గ్రహించి, ఆ పనికి రాబర్టు ఫ్రెంచి అను ఉద్యోగిని నియోగించెను. 1841లో జన్మించి, యౌవనమున కొలదికాలము పోలీసు కొలువు చేసిన ఈ ఫ్రెంచి, పిమ్మట 1914 ప్రాంతము వరకు ఐర్లండు నలుచెరగులను తిరిగి, వేలకొలది దృశ్యములను గాజుపలకల కెక్కించెను. 1859 నాటికే రైలుమార్గము ట్రాలీని చేరియుండుటచే ఆ పట్టణపు వీధులును ఆతని పలకలలో చోటు సంపాదించుకొన్నవి.

ఫ్రెంచి అంత బరువైన సాధనమును ఏల మోసెనో విచారించుట మన ప్రస్తుతమునకు మిక్కిలి ముఖ్యము. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు కనిపెట్టిన కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు ద్రావకము పూసి, అది తడి ఆరకముందే చిత్రము తీసి, అప్పటికప్పుడే రసాయనములతో కడుగవలసియుండెను. కావున చిత్రకారుడు పోయిన చోటికెల్ల చీకటి గుడారమును, సీసాలును వెంట నడువవలసినదే. 1871లో రిచర్డు మాడక్సు అను వైద్యుడు జెలటిన్ పూసిన పొడి పలకను ప్రతిపాదించిన పిదప గుడారపు బాధ క్రమముగా తీరెను గాని, గాజు బరువు మాత్రము తీరలేదు. ఆ దినములలో నెగెటివును కాగితముపై ఆనించి, ఎండలో నుంచి అచ్చుతీయుట వాడుక. ఎంత కొలత గల బొమ్మ అమ్మదలచినారో అంత కొలత గల పలకయే కావలసియుండెను. కనుక ఫ్రెంచి కెమెరా పరిమాణమును నిర్ణయించినది ఆతని యభిరుచియు కాదు, యంత్రనిర్మాత ప్రకటనయు కాదు. డబ్లిన్ దుకాణపు బల్లపై బొమ్మను చేతబట్టుకొని చూడబోవు యాత్రికుని కన్ను. చిత్రము తుదకు ఎచ్చట నివసించునో అచ్చటినుండి వెనుకకు లెక్కించుకొని పనిముట్టు నెన్నుకొనుట, నా దృష్టిలో, ఈ విషయమున పూర్వులు మనకు విడిచిన ఉత్తమ విధానము.

ఇదే కాలమున మన హైదరాబాదునందును ఇట్టి యుదాహరణ మొకటి కలదు. మీరట్ సమీపమున సర్దానాలో 1844లో జన్మించిన లాలా దీనదయాళుడు నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున చిత్రశాలను నెలకొల్పి, ముసవ్విర్ జంగ్ అను బిరుదమును పొందెను. ఆయన పలకలు రాజాస్థానపు దర్బారులకును, కట్టడములకును, వేటలకును వినియోగపడినవి. 1892లో పరదా పాటించు స్త్రీలకై ఒక ఆంగ్లమహిళ యాజమాన్యమున ప్రత్యేకశాల యొకటి తెరువబడెను. డబ్లినులో వెచ్చము భరించినది యాత్రికుని జేబు, హైదరాబాదులో ప్రభువుల బొక్కసము. ఉభయత్ర కెమెరాను మోసినవాడు వేరు, దాని మూల్యము చెల్లించినవాడు వేరు. సామాన్యుడు తన సొమ్ముతో తన కెమెరాను తానే ఎన్నుకొను కాలమింకను రాలేదు.

ఆ కాలమును తెచ్చినవాడు అమెరికా దేశస్థుడగు జార్జి ఈస్ట్‌మన్. 1888లో ఆయన విక్రయించిన కొడాక్ పెట్టె వెల 25 డాలర్లు. నూరు చిత్రములకు చాలు ఫిల్ము లోపలనే చుట్టియుండెడిది, అది ముగియగానే పెట్టెతో సహా కర్మాగారమునకు పంపవలసియుండెడిది. 1900లో వచ్చిన బ్రౌనీ యను అట్టపెట్టె కెమెరా వెల ఒక్క డాలరు, బ్రిటిషు పాలిత ప్రాంతములలో 5 షిల్లింగులు. దాని లెన్సు మిక్కిలి సాధారణము. దూరమును సరిచేయుటకు గాని, వెలుతురు సన్నగిల్లినప్పుడు సవరించుకొనుటకు గాని వీలులేదు. అయినను, తరతరములుగా బిడ్డలను అమెరికాకు సాగనంపిన కెర్రీ వంటి మండలమున, ఇంటి ముంగిట నిలువబడిన తల్లి ముఖము నొక యుత్తరములో మడిచి సముద్రము దాటించుటకు అంతకన్న ఏమి కావలెను? అరచేతిలో నిముడు బొమ్మకు ఆ లెన్సు చాలును. తక్కువ వెల గల వస్తువు అవసరమునకు సరిపడినప్పుడు దానిని లోపమని తలచుట న్యాయము కాదు.

ట్రాలీ కథలో కెమెరా గౌరవమునకు తీరని కళంకము తెచ్చిన ఘట్టమొకటి కలదు. దానిని దాటిపోవుట నాకు సమ్మతము కాదు. 1920 నవంబరు మొదటి వారమున, స్వాతంత్ర్యపోరాటము తీవ్రముగా సాగుచుండగా, బ్లాక్ అండ్ టాన్సు అని ప్రసిద్ధులైన బ్రిటిషు సర్కారు దళములవారు ట్రాలీని దిగ్బంధించి, దుకాణములు మూయించి, ప్రజలకు ఆహారము దొరకకుండ చేసిరి. ఈ వార్త లోకమునకు పొక్కి అపకీర్తి రాగా, అనతికాలములోనే ‘ట్రాలీ యుద్ధము’ అను శీర్షికతో బ్రిటిషు పత్రికలలో ఛాయాచిత్రములు వెలువడెను. మార్గమున పడియున్న శరీరములు, తుపాకులు పట్టిన సైనికులు, విజయసూచకమైన భంగిమలు, ఇవి యన్నియు వానిలో కలవు. కాని ఆ చిత్రములందలి బాట ట్రాలీది కాదు. దానికి ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరమున, డబ్లినుకు దక్షిణముగా సముద్రతీరమున నున్న వైకో రోడ్డని ఎరిగినవారు గుర్తుపట్టిరి. సర్కారు ప్రచారశాఖవారు వేషములు వేయించి తీయించిన నాటకమది. ఆ కెమెరా సమర్థమైనదే యైయుండును, లెన్సు దోషరహితమే యైయుండును; అందలి ప్రతి గీటును నిర్మలముగా నిలిచినది, చెప్పిన సంగతి మాత్రము అబద్ధము. పనిముట్టు నాణ్యమును గూర్చి మనమెంత విచారించినను, చిత్రమెక్కడ తీయబడినది, ఎవరి కొరకు తీయబడినదను రెండు విషయములు దానితో పాటు పదిలపరచుకొననిచో ఆ నాణ్యము వలన కలుగు మేలు స్వల్పము.

ఇక ట్రాలీనుండి డింగిల్ వరకు సుమారు 50 కిలోమీటర్లు సాగిన సన్నపట్టాల రైలుమార్గము ఛాయాచిత్రప్రియులకు ఆనందకారకమైనది. మూడడుగుల వెడల్పు గల ఆ మార్గము 1891లో తెరువబడి, కొండ లెక్కుచు, బాట వెంబడినే పోవుచు, కొన్ని చోట్ల 29 అడుగులకు ఒక అడుగు చొప్పున పైకి లేచెడిది. 1939లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయినవి. చివరికాలమున డింగిల్ సంతకు నెలకొక పశువుల బండి మాత్రము నడచి, అదియు 1953లో నిలిచిపోయెను. ఆ చివరి యేండ్లలో రైలుబండ్లపై మక్కువగలవారు దూరదేశములనుండి కెమెరాలు చంకన బెట్టుకొని వచ్చి, పొగ గ్రక్కుచు నెమ్మదిగా ఎగబ్రాకు యంత్రములను చిత్రించుకొనిరి. బండి వేగము తక్కువ. అందుచే షట్టరు మిక్కిలి చురుకుగా నుండనక్కరలేదు. కాని బాటప్రక్కన పరుగెత్తి ముందు మలుపునకు చేరవలెను, వాన వచ్చినచో కోటులో దాచుకొనవలెను. అట్టివానికి గాజుపలకల పెట్టెకన్న ముడుచుకొను రోల్‌ఫిల్ము కెమెరా మేలు. ఆ చిత్రములే లేకున్నచో ఆ మార్గపు చివరి ప్రయాణములు కేవలము వృద్ధుల మాటలలో మిగిలియుండెడివి.

రంగుల కాలమున వెచ్చము మరల పెరిగెను. 1950వ దశకమునుండి జాన్ హైండు సంస్థవారు వెలువరించిన రంగుల కార్డులు కెర్రీ సరస్సులను, గుర్రపుబండ్లను లోకమంతట చాటినవి. హైండు తన చిత్రపు ముందుభాగమున పువ్వులు లేనిచోట రోడోడెండ్రాన్ కొమ్మలు నరికి తెచ్చి అమర్చెడివాడట. 1969లో డేవిడ్ లీన్ అను దర్శకుడు ‘రయన్స్ డాటర్’ చలనచిత్రమునకై డింగిల్ ద్వీపకల్పమునకు వెడల్పైన ఫిల్ము కెమెరాలను తెచ్చి, తాను కోరిన తుపాను, తాను కోరిన ఎండ వచ్చువరకు మాసములకొలది వేచియుండెను. ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగు ఆస్కారు బహుమానము నందెను. అంత నిరీక్షణకు తగిన ధనము స్టూడియోలకు గలదు. సెలవుదినమున కొండయెక్కిన గృహస్థునకు లేదు. ఆతని కెమెరా వచ్చిన వెలుగులోనే పనిచేయవలెను, తడిసినను చెడరాదు.

డిజిటల్ యుగమునకు బీజము 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లర్డు బోయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సీసీడీ యను వెలుగుగ్రాహకము; అందులకు వారికి 2009లో నోబెల్ బహుమానము లభించెను. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ దానితో నిర్మించిన యంత్రము సుమారు మూడున్నర కిలోల బరువుండి, పదివేల బిందువుల నలుపు తెలుపు చిత్రము నొకదానిని క్యాసెట్టు టేపున భద్రపరచుటకు 23 సెకన్లు తీసికొన్నది. 1995లో కాసియో వారి క్యూవీ-10 వెనుకభాగమున చిన్న తెరను చూపెను; 2003లో కానన్ వారి 300డి, 63 లక్షల బిందువులతో, లెన్సులు మార్చుకొను కెమెరాను వేయి డాలర్ల లోపలికి దించెను. తన ఇంటనే పుట్టిన బిడ్డను పెంచుకొనలేక కొడాక్ సంస్థ 2012లో దివాలా రక్షణ కోరవలసివచ్చెను.

డిజిటల్ కెమెరాలు వచ్చిననాటినుండి దుకాణములు మెగాపిక్సెళ్లను, అనగా బిందువుల సంఖ్యను గూర్చియే బిగ్గరగా మాటాడుచున్నవి. ఫ్రెంచి చేసినట్లు వెనుకనుండి లెక్కించుడు. నాలుగంగుళములకు ఆరంగుళముల కార్డు చక్కగా అచ్చగుటకు ఇరువది రెండు లక్షల బిందువులు చాలును; ఏ4 కాగితమంతటి బొమ్మకు ఎనుబది ఏడు లక్షలు. ఇరువదేండ్లనాటి కెమెరా సైతము ఈ యవసరమునకు దగ్గరగా వచ్చును. వెల పెరుగుటకు యథార్థమైన కారణము గ్రాహకపు వైశాల్యము. 36 మిల్లీమీటర్లకు 24 మిల్లీమీటర్ల పూర్తిచట్రపు గ్రాహకమునకు, పాత జేబు కెమెరాలలోని చిన్న గ్రాహకమునకు నడుమ ముప్పది రెట్ల తేడా కలదు. ట్రాలీ సంధ్యవేళ, మబ్బు కమ్మినప్పుడు ఈ తేడా గింజలుగింజలుగా బొమ్మపై కానవచ్చును. ఈ రెంటి నడుమనున్న ఏపీఎస్-సీ కొలత గల గ్రాహకము, నా యభిప్రాయమున, మధ్యతరగతి కుటుంబమునకు అన్నివిధముల తగినది.

1959లో ఆరంభమైన ‘రోజ్ ఆఫ్ ట్రాలీ’ ఉత్సవమునకు ప్రతి ఆగస్టులోను ప్రపంచమందలి ఐరిషు సంతతి యువతులు వత్తురు. రాత్రివేళ విద్యుద్దీపముల క్రింద కదలుచున్న ముఖములను పట్టుటకు కెమెరాతో పాటు వచ్చు జూమ్ లెన్సు చాలదు. దాని రంధ్రము దూరపుకొసన 5.6 వద్ద నిలిచిపోవును; ఈ సంఖ్య తగ్గినకొలది రంధ్రము పెద్దది గనుక, 1.8 రంధ్రము గల 50 మిల్లీమీటర్ల చవుక లెన్సు అంతకు ఇంచుమించు పదిరెట్ల వెలుగును లోనికి తెచ్చును. పగటివేళ ఊరిబయట బ్లెన్నర్‌విల్ నందలి తెల్లని గాలిమర నెదుట మరొక చిక్కు కలదు: కెమెరా తన లెక్క ప్రకారము తెలుపును బూడిదరంగుగా దించును గనుక, వెలుగును కొంత హెచ్చించు చక్రము వ్రేలికందు చోటనున్న కెమెరాయే మేలు. 2018 మొదలు నికాన్, కానన్ సంస్థలు అద్దములేని కెమెరాలవైపు మొగ్గుటచే పాత అద్దపు కెమెరాలును, వాని లెన్సులును వాడిన సరకుల విపణిలో వెల తగ్గినవి. కొనువాడు షట్టరు ఎన్నిమారులు పనిచేసినదో అడిగి తెలిసికొని, కీళ్లయందు నీరు చొరకుండ రబ్బరు కట్టు కలదో లేదో చూచుకొనినచో నష్టపడడు. జేబులోని ఫోనుతోనే పని జరుగువాడు వేరొకటి కొననక్కరలేదు.

చిత్రములను పదిలపరచుటకగు వెచ్చమను ఇంకొక పద్దును మాత్రము అంచనాలో చేర్చవలెను. 1916లో డబ్లినున చెలరేగిన తిరుగుబాటులో లారెన్సు దుకాణము కాలిపోయి అచ్చటి రూపచిత్రముల పలకలు నశించినను, వేరొకచోట దాచిన దేశదృశ్యముల పలకలు మాత్రము దక్కినవి. అట్లు మిగిలిన నలుబదివేల పలకలను 1943లో ఐర్లండు జాతీయ గ్రంథాలయము 300 పౌన్లకు కొన్నందుననే నాటి ట్రాలీని నేడు మనము చూడగలుగుచున్నాము. కాబట్టి కెమెరాకై దాచిన మొత్తమునుండి కొంత తీసి, చిత్రముల ప్రతులు రెండు వేర్వేరు ఇండ్లలో నుంచుటకు రెండు హార్డు డిస్కులు కొనుడు. అందుకై లెన్సును ఒక తరగతి తగ్గించుకొనవలసివచ్చినను సందేహింపకుడు.