కొబ్బరితోటకు వచ్చిన పరదేశి

కొబ్బరిచెట్టు ఇంటికి పెద్దకొడుకుతో సమానమని కోనసీమలో నానుడి. అట్టి చెట్టు ఆకులు మసి పూసినట్లు నల్లబడినప్పుడు, రైతు కంగారుపడి పురుగుమందుకై పరుగెత్తుట సహజము. ఆ తొందరను ఆపుటకు పాటుపడిన శాస్త్రజ్ఞుల కృషిని గూర్చి ఈ ప్రసంగములో శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ఆ నలుపునకు మూలము సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశమున దొరకిన ఈ జాతిని 2004లో శాస్త్రజ్ఞులు తొలిసారి వర్ణించినారు. మన దేశములో 2016న తమిళనాడులోని పొల్లాచ్చి తోటలలో ఇది కనిపించినది. ఆ ఏటి చివరికే గోదావరి ప్రాంతమున కడియము నర్సరీలకు చేరినది. మొక్క ఎక్కడికి పోయిన, దానిని అంటిపెట్టుకొని పురుగును అక్కడికే పోవును గదా! ఈ దోమ ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గ్రుడ్లు పెట్టి, రసమును పీల్చి, తీయని జిగురును విసర్జించును. ఆ జిగురుపై నల్లని బూజు పెరుగును, చీమలును మూగును.

అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానము కొబ్బరి పురుగులను చిరకాలముగా పరిశీలించుచున్నది. అక్కడ పనిచేసిన కీటక శాస్త్రజ్ఞులు ఎన్.బి.వి. చలపతిరావుగారు నల్లతల గొంగళిపురుగు, ఇరియోఫిడ్ నల్లి, తెల్లదోమ మున్నగు వానిపై పరిశోధనలు చేసినారు. ఈ కృషి అంతటిలోను ఒకే సూత్రము కనిపించును: పురుగును చంపుటకు ముందు దాని శత్రువును వెదకవలెను.

తెల్లదోమకు అట్టి శత్రువు అప్పటికే మన దేశమున ఉన్నది. 1993లో కేరళలో కనిపించిన మరియొక విదేశీ తెల్లదోమ వెంట, ఎవరును పిలువకయే, ఎన్‌కార్సియా గ్వాడెలూపే అను సూక్ష్మమైన కందిరీగ వచ్చినది. మిల్లీమీటరు పొడవైనను ఉండని ఈ కందిరీగ తెల్లదోమ పిల్లలలో గ్రుడ్లు పెట్టి వానిని హరించును. పురుగుమందు చల్లినచో ముందుగా నశించునది ఈ మిత్రుడే. కావుననే శాస్త్రజ్ఞులు మందును వారించి, కందిరీగలున్న ఆకుముక్కలను తోటలలో కట్టించినారు. అల్లికరెక్కల పురుగులను, ఐసేరియా అను మేలుచేయు శిలీంధ్రమును ప్రయోగశాలలో పెంచి రైతులకు అందించినారు.

ఇట్టి ఉపాయమునే హిందూ మహాసముద్రములోని క్రిస్మస్ దీవిలోను అవలంబించినారు. పరదేశపు పచ్చచీమలు అక్కడ కోట్లాది ఎర్రపీతలను చంపినవి. ఆ చీమలకు ఆహారము, లక్కజాతి పురుగులు విసర్జించు తీయని జిగురే. లాట్రోబ్ విశ్వవిద్యాలయమువారు ఏండ్ల తరబడి పరీక్షించిన పిమ్మట, ఆ పురుగులను అణచుటకు మలేషియా నుండి తెచ్చిన సూక్ష్మమైన కందిరీగను 2016 డిసెంబరులో విడిచిపెట్టినారు. చీమను కొట్టక, చీమ అన్నమును తగ్గించుటయే వారి యోచన.

ఈ మార్గములో ఫలితము ఒక్క రోజున కనబడదు. అప్పుదారునికి గడువు చెప్పవలసిన చిన్నరైతునకు నిరీక్షణ కష్టమే. అందుచేత శాస్త్రజ్ఞుడు పురుగుతోనే గాక, రైతు భయముతోను వ్యవహరింపవలసియుండును. తోటగల శ్రోతలు మందు కొట్టించుటకు ముందు ఒక ఆకును త్రిప్పి, భూతద్దముతో చూడగోరుచున్నాము. తెల్లదోమ పిల్లల ఒంటిపై గుండ్రని సన్నని రంధ్రములు కనిపించినచో, కందిరీగ తన పనిని ప్రారంభించినదని గ్రహింపవచ్చును.