మూడడుగుల గది

1970లో న్యూయార్క్‌లో పంతులమ్మ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ఓ 22 ఏళ్ల అమ్మాయి వైద్య పరీక్షకు వెళ్లింది. పేరు జూడిత్ హ్యూమన్. ఏడాదిన్నర వయసులో పోలియో సోకింది, అప్పటినుంచీ చక్రాల కుర్చీయే కాళ్లు. మిగతా పరీక్షలన్నీ గట్టెక్కింది. ఇక్కడ మాత్రం డాక్టరు అడిగిన మాట వేరు: బాత్రూమ్‌కి ఎలా వెళ్తావో చూపించు!

పిల్లలకు పాఠం చెప్పగలదా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. అగ్నిప్రమాదం జరిగితే తనూ బయటపడలేదు, పిల్లల్నీ బయటపడేయలేదు అన్న సాకుతో లైసెన్సు నిరాకరించారు. ఆమె కోర్టుకెక్కింది. కేసు కాన్‌స్టెన్స్ బేకర్ మోట్లీ ముందుకొచ్చింది. అమెరికా ఫెడరల్ న్యాయమూర్తి అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. విద్యా మండలి దిగొచ్చి రాజీ పడింది, హ్యూమన్ పంతులమ్మ అయింది.

నిజానికి ఆ డాక్టరు ప్రశ్న మంచిదే. కాకపోతే అడగాల్సింది ఆ అమ్మాయిని కాదు, ఆ బళ్లు కట్టించినవాళ్లని.

అప్పటికి అమెరికాలో చక్రాల కుర్చీ వెళ్లే మరుగుదొడ్లకు కొలతలు లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్ను దెబ్బతిన్న సైనికులు చదువుకుంటామని ముందుకొచ్చినప్పుడు, 1948లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం గేల్స్‌బర్గ్‌లో ఓ పాత సైనిక ఆసుపత్రిలో నడుస్తున్న తన క్యాంపస్‌లో వాళ్లకోసం ఓ పథకం మొదలుపెట్టింది. ఆ పథకాన్ని నడిపినవాడు టిమ్ నూజెంట్. ఏడాది తిరక్కుండానే ఆ క్యాంపస్ మూసేస్తామన్నారు. విద్యార్థులు రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి వెళ్లి చక్రాల కుర్చీల్లోనే నిరసన తెలిపారు. చివరికి పథకం అర్బానా-షాంపేన్‌కి మారింది. అక్కడి అనుభవంతో 1961లో వికలాంగులకు అనువైన భవనాలకు అమెరికా మొదటి జాతీయ ప్రమాణం వెలువడింది. పట్టుమని ఆరు పేజీలు. మరుగుదొడ్డి గది వెడల్పు 3 అడుగులు, లోతు 4 అడుగుల 8 అంగుళాలు, తలుపు 32 అంగుళాలు, అదీ బయటికి తెరుచుకోవాలి, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు.

మూడడుగులతో వామనుడు లోకాలన్నీ కొలిచాడు గానీ, చక్రాల కుర్చీ మనిషికి ఆ మూడడుగులు చాలలేదు. కుర్చీ నేరుగా లోపలికి పోతుంది, పక్కకు జరగడానికి చోటుండదు. కుర్చీలోంచి కమోడ్ మీదికి మారాలంటే రెండు కమ్మీలూ పట్టుకుని ఒళ్లంతా చేతుల మీద లేపి, గాల్లోనే తిరిగి కూర్చోవాలి. కండబలం ఉన్న కుర్రాళ్లకు అది సాధ్యమే. పెద్దావిడకో, చేతుల్లో పట్టు లేనివాళ్లకో, తోడు మనిషి ఎత్తి కూర్చోబెడితే తప్ప కదల్లేనివాళ్లకో ఎలా సాధ్యం? ఒకరి కొలతకు కుట్టిన చొక్కా ఊరందరికీ తొడిగినట్టయింది. కుర్చీని కమోడ్ పక్కన పెట్టుకుని జరిగేలా 5 అడుగుల వెడల్పు గది దేశమంతటా తప్పనిసరి అవడానికి, 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం వెంట వచ్చిన నిబంధనలదాకా ఆగాల్సి వచ్చింది.

ఇంగ్లండులో కథ మరోలా నడిచింది. సెల్విన్ గోల్డ్‌స్మిత్ ఆర్కిటెక్టు, 1956లో పోలియో బారిన పడ్డాడు. 1963లో వికలాంగుల కోసం భవనాలు ఎలా కట్టాలో పుస్తకం రాశాడు. పేరొచ్చింది. అక్కడితో ఆగిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆయన నారిచ్ పట్టణానికి వెళ్లి చక్రాల కుర్చీ వాడేవాళ్లను కలిసి, ఎక్కడికి వెళ్తారు, ఎక్కడ ఆగిపోతున్నారు అని అడిగాడు. విన్నవాటితో 1967లో తన పుస్తకాన్నే తిరగరాశాడు. భార్యకు భర్తో, భర్తకు భార్యో సాయం చేయాలంటే ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరుగా ఉన్న మరుగుదొడ్లలో ఏ తలుపు తట్టాలి? అందుకే ఎవరైనా వెళ్లగలిగే విడి గది కావాలని ఆయన పట్టుబట్టాడు. ఇవాళ విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీ బొమ్మతో విడిగా కనిపించే తలుపు వెనక ఉన్న ఆలోచన అదే. నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో పెద్ద పని, రాసిన పుస్తకాన్ని ఆయన తిరగరాయడమే.

ఇక మన సంగతి. 1995 చివర్లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. ప్రభుత్వ భవనాల్లో ర్యాంపులు కట్టాలని, చక్రాల కుర్చీకి అనువుగా మరుగుదొడ్లు మార్చాలని అందులో స్పష్టంగా ఉంది. రైలు పెట్టెల్లో మరుగుదొడ్ల మాటా ఉంది. అయితే దానికి ఒక తోక కూడా తగిలించారు: ఆర్థిక స్తోమతకు, అభివృద్ధికి లోబడి. ఆ తోక పట్టుకుని ఇరవై ఏళ్లు గడిపేశాం. 2001లో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు మాత్రం, జావెద్ ఆబిదీ లాంటి హక్కుల కార్యకర్తలు గట్టిగా అడగడంతో కుతుబ్ మినార్ దగ్గర చెక్క ర్యాంపులు వెలిశాయి. అతిథి కోసం దొరికిన స్తోమత ఇంటివాళ్లకు దొరకలేదు.

2016 నాటి కొత్త వికలాంగుల చట్టం ఆ తోక కత్తిరించి, ప్రజలు వాడే భవనాలన్నిటినీ ఐదేళ్లలో సరిచేయాలంది. 2017 జూన్‌లో నియమాలు వచ్చాయి కాబట్టి 2022 జూన్‌తో గడువు తీరింది.

చాలా చోట్ల ర్యాంపు కట్టారు, ఫొటో కూడా దిగారు. లోపలికి వెళ్తేనే అసలు కథ. మన బాత్రూములకు నీళ్లు బయటికి రాకుండా గుమ్మంలో గట్టు కడతారు. బెత్తెడు గట్టే గానీ చక్రానికి అది కొండ. దాటాక తడి నేల, కమ్మీ మీంచి చెయ్యి జారితే అంతే. కమ్మీలు, కమోడ్ కొలతలు బయటి దేశాల పుస్తకాల్లోంచి తెచ్చుకున్నాం, అక్కడ కాగితంతో పని. మనకు కావలసిన కుళాయి, మగ్గు మాత్రం ఎదుటి గోడకు నేలబారున ఉంటాయి. ఇవన్నీ సరిగ్గా ఉన్నచోట తలుపుకు తాళం ఉంటుంది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ కొట్టు దగ్గర. తెరిస్తే లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీలు.

అందుకే ప్రయాణం ఉందంటే చాలామంది ముందురోజు రాత్రినుంచే నీళ్లు తగ్గించేస్తారు. పెళ్లికెళ్లి భోజనం దగ్గర మజ్జిగ కూడా వద్దంటారు. మూత్రనాళానికి ఇన్‌ఫెక్షన్ వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, నీళ్లు బాగా తాగండి అని చెప్పి పంపిస్తారు.

వికలాంగులకు అనువైన సౌకర్యాలు కోరుతూ చూపులేని రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ మీద 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. 2017 నియమాల్లో 15(1) చట్టానికి విరుద్ధమని, సలహాల్లా రాసినవాటిని తప్పనిసరి చేసి మూడు నెలల్లో కొత్త నియమాలు తేవాలని కోర్టు ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాద్‌ది. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసింది. పేరు ‘ఫైండింగ్ సైజెస్ ఫర్ ఆల్’, అంటే అందరికీ సరిపడే కొలతలు వెతకడం.

అనువైన మరుగుదొడ్డి ఉన్నందుకు కృతజ్ఞతలు చెప్పుకుని చెప్పుకుని విసిగిపోయానని, దానికే దండం పెట్టాల్సి వస్తే ఇక సమానురాలిని అయ్యేదెన్నడని హ్యూమన్ ఒకప్పుడు నిలదీసింది. 2023 మార్చిలో ఆమె కన్నుమూసింది.

మీ ఊళ్లో కల్యాణ మండపమో, నర్సింగ్‌హోమో, గుడి దగ్గర సత్రమో కట్టే పని మీ చేతిలో ఉంటే, గోడలు లేవకముందే చక్రాల కుర్చీలో తిరిగే మనిషినొకరిని పిలిచి చూపించండి. గుమ్మంలో గట్టు వద్దు. తలుపు బయటికి తెరుచుకోవాలి. కుళాయి కూర్చున్న చేతికి అందాలి. చీపుర్లకు వేరే చోటు చూడండి.