రాత్రి డ్యూటీ, పార్శ్వపు నొప్పి: ఒక చారిత్రక పరిశీలన

ఓరుగల్లు సీమలో ఘన్‌పూర్ పేరుగల ఊళ్లు ఒకటికి మించి ఉన్నాయి. ములుగు వైపున ఉన్నది కాకతీయుల నాటి కోటగుళ్లకు ప్రసిద్ధి. కాజీపేట–సికింద్రాబాదు రైలుమార్గం మీద ఉన్నది స్టేషన్ ఘన్‌పూర్. ఊరి పేరులోకి చేరిన ఆ రైలు, మన ప్రాంతపు మనుషుల నిద్రవేళల్లోకి కూడా ప్రవేశించింది.

నిజాం రాజ్యంలో 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు నడిచింది. 1886 నాటికి ఆ మార్గం వరంగల్లుకు, 1889 నాటికి బెజవాడకు చేరింది. 1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు వెలిసింది. పంట కావలి, జాతర జాగరణ అంతకు ముందూ ఉన్నవే. అయితే ఒక వారం పగలు, మరొక వారం రాత్రి పనిచేస్తూ నిద్రవేళను పదేపదే తారుమారు చేసుకోవలసిన జీవనం పాయింట్స్‌మన్‌కూ, గార్డుకూ, మిల్లు కార్మికునికీ కొత్తగా వచ్చినదే.

ఆనాటి చట్టాలు దీనిని ఎలా చూశాయి? విద్యుద్దీపాల రాకతో మిల్లుల పనివేళలు విపరీతంగా పెరగగా, బ్రిటిష్ ఇండియాలో 1911 నాటి చట్టం జౌళి మిల్లులలో పురుషుల పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది. వారానికి 1922లో 60 గంటలు, 1934లో 54 గంటలు, 1946లో 48 గంటలు అన్న హద్దులు ఏర్పడ్డాయి. రైల్వేలకు 1930లో వచ్చిన చట్టం నిరంతరం పనిచేసేవారికి వారానికి 60 గంటలు, విరామాలతో పనిచేసేవారికి 84 గంటలు నిర్ణయించింది. స్త్రీలకు రాత్రిపనిని నిషేధించారు. పురుషుల విషయంలో మాత్రం ఎన్ని గంటలు అన్నదే లెక్క. ఏ గంటలు అన్న ప్రశ్నకు పెద్దగా చోటు దక్కలేదు.

వైద్యంలో ఆ ప్రశ్న ప్రాచీనమైనది. చరకసంహిత సూత్రస్థానంలో శిరోరోగ కారణాలను చెబుతూ పగటినిద్రను, రాత్రి జాగరణను పక్కపక్కనే పేర్కొన్నారు. ఈ రెండూ కలిస్తే రాత్రి షిఫ్టే కదా! మనం పార్శ్వపు నొప్పి అనే వ్యాధిని అర్ధావభేదకమన్న పేరుతో ఆయుర్వేదం వేరుగా వర్ణించింది.

ఆధునిక విజ్ఞానం ఈ విషయాన్ని మరొక దారిలో చేరుకుంది. మెదడులోని హైపోథాలమస్‌లో శరీరపు గడియారం ఉన్నదని 1972లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. జీవగడియారపు జన్యువులను వెలికితీసిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఈ మధ్యలో, 2013లో మరొక విశేషం బయటపడింది. సాయంత్రమే నిద్ర ముంచుకువచ్చి తెల్లవారకముందే మెలకువ వచ్చే లక్షణంతో పాటు మైగ్రేన్ కూడా ఉన్న కుటుంబాలలో, గడియారాన్ని నడిపే ఒక జన్యువులోనే మార్పు కనిపించింది. నిద్రవేళకూ ఈ నొప్పికీ మూలంలోనే బంధుత్వం ఉండవచ్చునన్న మాట.

అంతమాత్రాన షిఫ్టు పని మైగ్రేన్‌ను పుట్టిస్తుందని తీర్పు చెప్పరాదు. పలు అధ్యయనాలలో సంబంధం కనిపించినా, అన్నింటి ఫలితమూ ఒకేలా లేదు. పైగా నొప్పి తట్టుకోలేనివారు రాత్రి ఉద్యోగం మానివేస్తే, మిగిలినవారిని మాత్రమే లెక్కించే అధ్యయనానికి ఆ బాధ తక్కువగా కనబడుతుంది. అయితే మైగ్రేన్ స్వభావం ఉన్నవారికి నిద్రలేమి, వేళతప్పిన భోజనం, ఎక్కువైన టీ కలిసి నొప్పిని రేపగలవు.

కనుక రాత్రి డ్యూటీ చేసేవారు నొప్పి వచ్చిన తేదీని, షిఫ్టును, నిద్రపోయిన గంటలను ఒక పుస్తకంలో రాసుకొని వైద్యునికి చూపాలి. పగలు చీకటి గదిలో నిద్రించాలి; డ్యూటీలో భోజనం మానరాదు. షిఫ్టులు మారక తప్పకపోతే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న క్రమంలో మారడం శరీరానికి కొంత సులువు. సాధారణ నొప్పిమాత్రలు నెలలో 15 రోజులకు చేరితే ఆ మాత్రలే తలనొప్పికి కారణం కాగలవు. కొన్ని రకాలకు ఆ హద్దు 10 రోజులే. మునుపెన్నడూ లేనంత తీవ్రమైన నొప్పి హఠాత్తుగా వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టుతప్పినా షిఫ్టు అలసట అని సరిపెట్టుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.