బొమ్మలగుట్టయు మగ్గపు గుంటయు

ఎల్లారెడ్డిపేట బాలునికి అక్బరు పట్టాభిషేకము 1556లో జరిగెనని నేర్పుదుము. పొరుగున కురిక్యాల బొమ్మలగుట్ట యున్నదని చెప్పము. తమ సీమ చరిత్రమును పిల్లలకు కథల పుస్తకముగా వ్రాయబూనువారు ఆ గుట్టతోనే యారంభింపవచ్చును.

10వ శతాబ్దమున వేములవాడ చాళుక్యుడగు రెండవ అరికేసరి యాస్థానమున పంపకవి యుండెను. కన్నడమున విక్రమార్జున విజయమును రచించెను. ఆతని తమ్ముడు జినవల్లభుడు బొమ్మలగుట్టపై జినబింబములను, చక్రేశ్వరీదేవిని చెక్కించి, సంస్కృత కన్నడాంధ్రములందు శాసనము వ్రాయించెను. అందు మూడు తెలుగు కందపద్యములు గలవు. అన్నగారి బిరుదమగు కవితాగుణార్ణవ నామమున నొక చెరువును గూడ త్రవ్వించెను. అన్న కావ్యము వ్రాసినాడు, తమ్ముడు చెరువు త్రవ్వించినాడు: బాలుర మనస్సున నాటుటకు ఇంతకంటె నేమి కావలెను? నేడు రాజన్న క్షేత్రముగా ప్రసిద్ధమైన సీమలో ఒకప్పుడు జైనులు వర్ధిల్లిరనియు వారు దీనివలన నెరుంగుదురు.

అయితే నాకొక శంక. ఇట్టి పుస్తకములు రాజులతోడను గుడులతోడను నిండిపోవును. సిరిసిల్ల మగ్గము మాట యెవరు వ్రాయుదురు? చేమగ్గము మరమగ్గమునకు చోటిచ్చుట, భీవండికి వలసలు, అప్పులు, నేతగాండ్ర ఆత్మహత్యలు: ఇవియు చరిత్రమే. పసివారికి తగినట్లు చెప్పుట కష్టము. కష్టమని విడుచుట తగదు. ఐతిహ్యమును ఐతిహ్యమనియు, శాసనమును శాసనమనియు వేరుపరుపవలెను. ఆ భేదము పిల్లలు గ్రహింపలేరనుట పెద్దల సోమరితనము.

అచ్చొత్తించుటకు ముందు ఆ పుస్తకమును మగ్గమున్న యింటిలో చదివి వినిపింపుడు. అవ్వ యెచ్చట కాదనునో అచ్చట దిద్దుకొనుడు.