మగ్గము మనది, నూలెవరిది?

కళ్యాణదుర్గమున మా పాఠశాలలో చదువుచున్న యొక బాలునికి గొంతువాపుతో జ్వరము వచ్చినది. వైద్యుడు పరీక్షించి అమాక్సిసిలిన్ మాత్రలు వ్రాసి యిచ్చెను. నాలుగు దినములైన పిమ్మట బాలుని తల్లి బడికి వచ్చి, పిల్లవానికి జ్వరము తగ్గినదని చెప్పి, మాత్రల అట్టను నా చేతికిచ్చి, "సారూ, ఈ మందు యాడ చేస్తారు?" అని యడిగినది. అట్టపై చిన్న యక్షరములలో హైదరాబాదు అని యుండెను. "మన హైదరాబాదులోనేనమ్మా" యని చెప్పితిని. ఆమె సంతోషించి అట్టను కొంగున ముడివైచుకొని వెడలిపోయినది. అందు ఇంకను కొన్ని మాత్రలు మిగిలియుండుట చూచితిని గాని దానిని గూర్చి ప్రశ్నింపనైతిని.

నేను చెప్పినది అసత్యము కాదు. కాని అది సత్యమున సగపాలు మాత్రమే. మిగిలిన సగపాలు ఏ అట్టమీదను అచ్చుపడదు. దానిని చదువరులకు నివేదించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా కళ్యాణదుర్గమునకు అటు ఉరవకొండయు ఇటు ధర్మవరమును మగ్గములకు పేరుపడినవి. కావున మా సీమవారికి నేతగాని కష్టసుఖములు క్రొత్తవి కావు. పత్తి వేరు, వస్త్రము వేరు. ఆ రెంటికిని నడుమ నూలున్నది. నూలును ఎవ్వరును కట్టుకొనరు. కాని నూలు లేనిదే కట్టుకొనుటకు గుడ్డ లేదు. పందొమ్మిదవ శతాబ్దమున లాంకషైరు మరనూలు మన సంతలలోనికి వచ్చి చేరినప్పుడు మగ్గము మన యింటనే యుండెను, నేతగాడు మనవాడే, నేర్పు మనదే. అయినను నూలు ధర పరుల చేతిలో నుండుటచే నేతగాని బ్రదుకును వారి చేతిలోనికే పోయినది. గాంధీ మహాత్ముడు మగ్గముతో తృప్తినొందక రాట్నమును చేపట్టుటకు గల కారణములలో నిది యొకటి.

ఔషధములకును ఇట్టి నూలు గలదు. రసాయనశాస్త్రజ్ఞులు దానిని మధ్యద్రవ్యమందురు. అది ముడిసరకు కాదు, మందును కాదు. వైద్యుడు దానిని వ్రాయడు. రోగి దానిని మ్రింగడు. అంగడివాడు దాని పేరైనను ఎరుగడు. ఈ భావము మన ప్రాచీనులకును తెలియనిది కాదు. రసవైద్యులు పాదరసమును గంధకముతో నూరి నల్లని కజ్జలిని సిద్ధముచేసికొని, దానినుండియే పర్పటిని, రససిందూరమును కల్పించుచుండిరి. ఆ మందుల గుణదోష విచారము వేరు. ఒక నడిమి పదార్థమును చక్కగా సాధించినవాడు దానినుండి పెక్కు మందులు సాధింపగలడన్న సూత్రము మాత్రము వారికి తెలిసియుండెను.

మా బాలుడు మ్రింగిన మాత్రకు నూలువంటి మధ్యద్రవ్యము పేరు ఆరు-అమైనో పెనిసిలానిక్ ఆమ్లము. వర్తకులు క్లుప్తముగా సిక్స్ ఏపీఏ యందురు. దాని చరిత్రము పెనిసిలిన్ చరిత్రములోనిదే గనుక అచ్చటనుండి మొదలిడుదము.

1928లో లండను నగరమున సెయింట్ మేరీ వైద్యశాలలో అలెగ్జాండర్ ఫ్లెమింగు తన గాజుపళ్లెములో పడిన బూజుచుట్టును సూక్ష్మజీవులు నశించియుండుట గమనించెను. ఆ బూజునుండి మందును వేరుచేయుట అతనికి సాధ్యము కాలేదు. పదియేండ్లు గడచిన పిమ్మట ఆక్స్‌ఫర్డున ఫ్లోరీ, చెయిన్, హీట్లీ అనువారు ఆ పనికి పూనుకొనిరి. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను రక్షకభటునికి ఆ మందునిచ్చిరి. అతడు కోలుకొనసాగెను. కాని మందు చాలలేదు. అతని మూత్రమునుండి సయితము పెనిసిలిన్‌ను మరల వేరుచేసి అతనికే యిచ్చిరి. అదియు తీరిపోయినది, మార్చిలో అతడు మరణించెను. మందు పనిచేయుట వేరు, మందు చాలినంత యుండుట వేరు అని ఆ దినముననే లోకమునకు తెలిసినది. తరువాత అమెరికాలోని పియోరియా ప్రయోగశాలలో మొక్కజొన్న నానిన ద్రావకముపై బూజును పెంచి దిగుబడిని అనేకరెట్లు హెచ్చించిరి. 1945లో ఫ్లెమింగు, ఫ్లోరీ, చెయిన్ మువ్వురును నోబెల్ బహుమానము నొందిరి.

అయినను ఆ పెనిసిలిన్‌లో రెండు లోపములుండెను. కడుపులోని ఆమ్లము దానిని పాడుచేయును గావున సూదిమందుగానే యీయవలసియుండెను. అదియుగాక కొన్ని సూక్ష్మజీవులు దానిని విరుగగొట్టు రసమును తమలో పుట్టించుకొనసాగెను. ఈ లోపములు తీరుటకు పెనిసిలిన్ నిర్మాణమునే మార్చవలసియుండెను. ఆ నిర్మాణమున రెండు భాగములున్నవి: ఒకటి మూలమగు గుండె, రెండవది దానికి తగిలించిన తోక. గుండె సూక్ష్మజీవిని చంపును; తోక మందుయొక్క స్వభావమును నిర్ణయించును. తోకను తీసి క్రొత్తతోకను తగిలింపగలిగినచో క్రొత్తమందు లభించును. కాని బూజు ఆ రెంటిని కలిపియే యిచ్చును. ఒంటిగుండె దొరకుట యెట్లు?

జపాను శాస్త్రజ్ఞులకు 1950లోను 1953లోను దాని జాడలు కనిపించినవి గాని వానిని లోకము పట్టించుకొనలేదు. 1957లో ఇంగ్లండున బీచమ్ ప్రయోగశాలలోని బాచిలర్, డాయిల్, నేలర్, రోలిన్సన్ అను నలుగురు ఒక చిన్న వైరుధ్యమును గమనించిరి. ఒకే ద్రావకమును రసాయనరీతిని కొలిచిన పెనిసిలిన్ ఎక్కువగాను, సూక్ష్మజీవులపై ప్రయోగించి కొలిచిన తక్కువగాను తేలుచుండెను. ఇతరులైనచో కొలత తప్పినదని త్రోసిపుచ్చియుందురు. వారట్లు చేయక, పెనిసిలిన్‌వలె కనబడుచు పెనిసిలిన్‌వలె పనిచేయని పదార్థ మేదియో అందున్నదని యూహించి వెదకి, తోకలేని గుండెను పట్టుకొనిరి. 1959లో ఆ సంగతి ప్రకటింపబడినది. మెథిసిలిన్ 1960లోను, ఆంపిసిలిన్ 1961లోను, అమాక్సిసిలిన్ 1972లోను రోగులకు అందినవి. కజ్జలివలె ఒక్క మధ్యద్రవ్యమునుండి ఒక కుటుంబము పుట్టినది.

ఆ గుండెను విరివిగా సంపాదించుటకు బూజు యిచ్చిన పెనిసిలిన్-జి యను దాని తోకనే కోయవలెను. ఇందుకు రెండు మార్గములు వచ్చినవి. మొదటిది సున్నకు దిగువ 40 డిగ్రీల శీతలమున తీవ్రమైన భాస్వర, క్లోరిన్ రసాయనములతో కోయుట. రెండవది ఒక సూక్ష్మజీవినుండి తీసిన ఎంజైమును గుళికలకు పట్టించి, నులివెచ్చని నీటిలోనే కోయుట. ఈ రెండవ మార్గమున తెగిన తోకను వృథాపరుపక మరల బూజుతొట్టికే చేర్చవచ్చును. విషద్రావకము తక్కువ, వ్యయము తక్కువ. కాలక్రమమున ఈ మార్గమే నిలిచినది. మంచిపనికి మురికిమార్గ మొక్కటియే గతియని వాదించువారు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

ఇక మన దేశమునకు వత్తము. స్వాతంత్ర్యము వచ్చిన కొలది యేండ్లకే, 1954లో, ప్రపంచ ఆరోగ్యసంస్థయు ఐక్యరాజ్యసమితి బాలలనిధియు తోడ్పడగా పూనా చెంత పింప్రిలో పెనిసిలిన్ కర్మాగారము వెలసినది. 1961లో సోవియటు సహాయముతో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థ ఏర్పడి, సూక్ష్మజీవినాశకములకు హృషీకేశమునను, రసాయనౌషధములకు హైదరాబాదునను కర్మాగారములు నెలకొల్పెను. హైదరాబాదు కర్మాగారము తరువాత క్షీణించి మూతపడినను, అచ్చట పనినేర్చినవారు పలువురు స్వయముగా పరిశ్రమలు స్థాపించిరి. గుంటూరుజిల్లా తాడేపల్లిలో జన్మించిన అంజిరెడ్డి వారిలో ప్రసిద్ధుడు. 1970నాటి పేటెంటు శాసనము 1972లో అమలునకు వచ్చి, మందునకు గాక దానిని చేయు పద్ధతికి మాత్రమే హక్కునిచ్చుటచే, మనవారు క్రొత్తపద్ధతులు కనిపెట్టి మందులను చౌకపరచిరి. 1986లో ఏర్పడిన అరబిందో ఫార్మా పాండిచ్చేరిలో తన మొదటి కర్మాగారమును తెరచినప్పుడు చేసినవి ఈ పెనిసిలిన్ కుటుంబపు మందులే. మగ్గములు మన తెలుగువారికి దక్కినవి.

నూలు మాత్రము చేజారినది. 1991 తరువాత సుంకములు తగ్గినవి. చైనాదేశము బ్రహ్మాండమైన తొట్లు కట్టి, పెనిసిలిన్-జిని, సిక్స్ ఏపీఏను మనవారికి గిట్టుబాటుకాని ధరకు అమ్మసాగెను. మన పెనిసిలిన్ తొట్లు ఒక్కొక్కటిగా నిలిచిపోయినవి. 2020 నాటికి మన దేశము దిగుమతి చేసికొను మూలౌషధములలోను మధ్యద్రవ్యములలోను దాదాపు మూడింట రెండుపాళ్లు ఆ యొక్క దేశమునుండియే వచ్చుచుండెను.

"చౌకగా వచ్చిన నేమి తప్పు? బీదవానికి మందు చౌకగా దొరకినది గదా" యని కొందరు ప్రశ్నింతురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మరనూలువలనను బీదవానికి గుడ్డ చౌకయైన మాట నిజమే. కాని చౌక యెంతకాలము నిలుచునన్నది అమ్మువాని చిత్తముపై ఆధారపడినచో, అది చౌక కాదు, అప్పు. గొంతువాపును అశ్రద్ధచేయగా కొందరు పిల్లలకు కీళ్లవాతజ్వరము వచ్చి గుండెకవాటములు చెడును. అట్టివారికి మూడు నాలుగు వారముల కొకమారు, యేండ్ల తరబడి, పెనిసిలిన్ సూదిమందు వేయవలెను. ఆ మందునకు మూలద్రవ్యము చేయువారు లోకమున కొలదిమందియే మిగులుటచే గడచిన దశకమున పలుదేశములలో కొరత యేర్పడినది. ఆక్స్‌ఫర్డు రక్షకభటుని కథ మరల వచ్చినట్లయినది: మందు తెలిసియున్నది, మందు లేదు!

2020లో మహమ్మారి వచ్చి ఓడలును కర్మాగారములును నిలిచినప్పుడు ఈ సంగతి ఢిల్లీవారికిని బోధపడినది. ఆ మార్చిలో కేంద్రప్రభుత్వము మూలౌషధములను, మధ్యద్రవ్యములను స్వదేశమున చేయువారికి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును అంగీకరించెను. అందు పెనిసిలిన్-జి ముఖ్యమైనది. ఆ పథకము క్రింద అరబిందో వారి అనుబంధసంస్థ లైఫియస్ కాకినాడ ప్రాంతమున ఏటికి 15,000 టన్నుల సామర్థ్యము గల కర్మాగారమును కట్టగా 2024లో అది పనికి వచ్చినది. పెక్కేండ్ల పిమ్మట రాట్నము మరల తిరుగనారంభించినది, అదియు తెలుగుతీరమున.

ఇందుకు సంతోషింపవలసినదే. కాని కళ్యాణదుర్గమున కూర్చుండి వ్రాయువాడు నీటిమాట యెత్తక ముగింపలేడు. మా జిల్లాలో ఏటికి పడు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. చెరువు నిండిన యేడు మాకు పండుగ. అట్టిచోట నివసించువానికి, నిండుగా పారు వాగును చెరచుట యెంతటి పాపమో వేరుగ చెప్పనక్కరలేదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరువున దాదాపు తొంబది మూలౌషధ కర్మాగారముల మురికినీటిని శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ఫలితములు ప్రకటించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను మరియొక సూక్ష్మజీవినాశకము ఆ నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాములదాక కనబడెను. మందు పుచ్చుకొను రోగి రక్తములో నైనను అంత యుండదు. ఆ నీరు అప్పట్లో నక్కవాగునుండి మంజీరకు చేరుచుండెను. అట్టి నీటిలో బ్రదుకనేర్చిన సూక్ష్మజీవి ఆ మందునకు ఇక భయపడదు. మందు చేయుచోటనే మందునకు విరుగుడును తయారుచేసినట్లాయెను. కాకినాడకు ఉత్తరముగా తొండంగి తీరమున 2020లో మత్స్యకారులును రొయ్యపిల్లలను పెంచువారును మరియొక ఔషధకర్మాగారమును ఆక్షేపించుటకు కారణము ఈ నీటిభయమే. దానిని అజ్ఞానమనుట న్యాయము కాదు. నూలు వడకుట మన ధర్మమైనచో రంగునీటిని ఊరిచెరువులోనికి విడువకుండుటయు మన ధర్మమే. నులివెచ్చని నీటిలో ఎంజైముతో పనిజరుపు మార్గము దొరకినట్లే, వ్యర్థమును అరికట్టు మార్గములును వెదకినవారికి దొరకును.

బూజుతొట్టి, పెనిసిలిన్-జి, సిక్స్ ఏపీఏ, అమాక్సిసిలిన్, మాత్ర: ఇది యొక గొలుసు. ఇందు ఏ కొక్కెము తెగినను రోగికి మందు లేదు. ప్రభుత్వమువారు చూడవలసిన కొక్కెములు కొన్ని, పరిశ్రమవారు చూడవలసినవి కొన్ని. కడపటి కొక్కెము మాత్రము మన యింటిలోనే యున్నది. చాలీచాలని మోతాదు సూక్ష్మజీవులకు ఎదురునిలుచు విద్యను నేర్పునని 1945లో నోబెల్ ఉపన్యాసముననే ఫ్లెమింగు హెచ్చరించెను. జ్వరము తగ్గగానే మాత్రలు మానుట, మిగిలినవానిని దాచి మరియొక బిడ్డకు వేయుట, వైద్యునడుగక అంగడిలో కొనుట — ఈ మూడును మన యిండ్లలో నిత్యము జరుగుచున్నవే.

ఆ తల్లి మందు ఎక్కడ చేయుదురని యడిగినది. నేను భూగోళపాఠము చెప్పి పంపితిని. అట్టలో మాత్రలేల మిగిలెనమ్మా యని నేనామెను అడుగవలసియుండెను. మరుసటి దినమున బాలునిచేత కబురంపి, ఆమెను పిలిపించి, వైద్యుడు ఎన్ని దినములు వాడుమనెనో యడిగితిని. "ఏడు దినాలన్నాడు సారూ, జరం తగ్గింది గదా అని నిలిపితి. చిన్నోనికి పనికొస్తాయని పెట్టుకుంటి" అన్నది. గడచిన దినములకు ఏమి చేయవలెనో వైద్యునే అడుగుమని చెప్పి, బాలుని వెంటబెట్టుకొని ఆమెతోగూడ నేనును వైద్యునికడకు పోతిని.