ఉప్పు నుండి లవణానికి: కారేపల్లి ప్రాంతంలో ఒక రసాయన పదం చరిత్ర

హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థీకరించి, ఆ ద్రావణాన్ని ఆవిరి చేస్తే పింగాణీ పాత్రలో మిగిలేది వంటింటి ఉప్పే. పాఠ్యపుస్తకం దానిని ‘లవణం’ అంటుంది. మైలుతుత్తం, సురేకారం కూడా లవణాలే. ఇంట్లో ఉప్పు, బడిలో లవణం అనే ఈ విభజన ఎలా ఏర్పడిందో, ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని కారేపల్లి ప్రాంతంలో దానికి ఏ అర్థం ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆయుర్వేదంలో లవణం అప్పటికే ఒక వర్గం. సైంధవం, సాముద్రం, సౌవర్చలం, బిడం అందులో చేరతాయి. అయితే అక్కడ వర్గీకరణకు ఆధారం రుచి, పుట్టిన చోటు. ఆమ్లక్షారాల చర్య కాదు. అందువల్లనే సూర్యక్షారం (సురేకారం), యవక్షారం పేరులో క్షారాలైనా నేటి పాఠంలో లవణాలు. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి నాటి నుండి తెలుగులో శాస్త్ర గ్రంథాలు రాసినవారు ఈ పాత పదాలకే కొత్త నిర్వచనం ఇచ్చారు.

కారేపల్లి అప్పుడు నైజాం రాజ్యంలోనిది. భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు మారింది. నైజాం ప్రాంతంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగింది; 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం మాధ్యమం కూడా అదే. ఉర్దూలో ఆమ్లం ‘తేజాబ్’, లవణం ‘నమక్’. వంటింటి ఉప్పుకూ ‘నమక్’ అనే పేరే. తెలుగు చేసిన విభజనే బోధనకు మేలని నా అభిప్రాయం: విషపదార్థమైన మైలుతుత్తాన్ని ‘ఉప్పు’ అనవలసిన ఇబ్బంది తెలుగు ఉపాధ్యాయునికి లేదు.

కాని ఈ పదానికి పుస్తకాల వెలుపల మరో చరిత్ర ఉంది. సముద్రతీరం లేని నైజాం రాజ్యానికి ఉప్పు కోస్తా రేవుల నుండి రావాలి. 1802 వాణిజ్య ఒప్పందం మచిలీపట్నం రేవును వాడుకునే హక్కును నిజాముకు ఇచ్చింది. ఆ ఉప్పును పెరికె ఎడ్లపై లోనాడుకు చేర్చి, తిరుగు ప్రయాణంలో ధాన్యం మోసినవారిలో లంబాడీలు ముఖ్యులు. 1889లో రైలుమార్గం బెజవాడ చేరడంతో ఎడ్ల బిడారులకు గట్టి పోటీ ఎదురైంది. కారేపల్లి మీదుగా సాగే శాఖామార్గం సింగరేణి బొగ్గు కోసం వేసినది. ఆ బొగ్గు సంస్థకు పేరిచ్చిన సింగరేణి పేరుతోనే నేటి మండలం ఉంది. దాని కేంద్రం కారేపల్లి.

‘లంబాడీ’ శబ్దమే ‘లవణ’ నుండి వచ్చిందని కొందరు పండితులు చెప్పారు. ఈ వ్యుత్పత్తి వివాదాస్పదమే. దానిని పక్కన పెట్టినా, గోర్ బోలీకి దగ్గరి బంధువైన రాజస్థానీలో ఉప్పును ‘లూణ్’ అంటారు. అది ‘లవణ’ శబ్దానికి తద్భవం. అంటే కారేపల్లి తండా పిల్లవానికి కొరుకుడుపడని సంస్కృత పదమని మనం భావించే ‘లవణం’ అతని పూర్వుల సరుకు పేరుకు దగ్గరిది. తరువాతి పాఠ్యపుస్తకాలలో గంధకికామ్లం సల్ఫ్యూరిక్ ఆమ్లమైంది, నత్రికామ్లం నైట్రిక్ ఆమ్లమైంది. లవణం మాత్రం లవణంగానే ఉంది.