సెకను సరే, సంవత్సరం?

కంప్యూటర్ గడియారం రోజుకు ఒకటి రెండు సెకన్లు తప్పడం మామూలే. వాటిని ఒక దారికి తేవడానికి 1985లో డేవిడ్ మిల్స్ నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్‌ను రూపొందించాడు. మరి నెట్‌వర్కుకు సమయం చెప్పేదెవరు? పరమాణు గడియారాలు మోసే జి.పి.ఎస్. ఉపగ్రహాలు చెప్పగలవు. రిసీవరు నుంచి ఒక తీగ మీద తేదీ, వేళ అక్షరాల రూపంలో వస్తాయి, కాస్త ఆలస్యంగా. అందుకే మరో తీగ మీద సెకనుకొక విద్యుత్ స్పందన వచ్చి, సెకను సరిగ్గా ఎప్పుడు మొదలైందో తెలుపుతుంది.

చిక్కల్లా తేదీతోనే. 1980 జనవరి 6 నుంచి వారాలను లెక్కించే పాత సంకేతానికి ఇచ్చినవి 10 బిట్లే (పొదుపంటే ఇదీ!). కాబట్టి 1024 వారాలకోసారి లెక్క మళ్ళీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో అలాగే జరిగింది. సవరణ చేయని కొన్ని పాత రిసీవర్లు 2019లో 1999 తేదీని చూపాయి. స్పందన మాత్రం ఎప్పటిలా కచ్చితంగానే కొట్టుకుంది. అందుకే తెలిసినవారు రిసీవరునొక్కదాన్నే నమ్మక, తేదీని మరికొన్ని సర్వర్లతో పోల్చేలా అమరుస్తారు. తరువాతి సున్నా 2038 నవంబరులో.